నీరు తీసే మాత్ర, తాళం వేసిన మరుగుదొడ్డి: అదుపులోకి రాని ఒక బీపీ కేసు

ఈ కేసు నా పేషెంటు ఒకామెది, రాయడానికి ఆమె ఒప్పుకుంది. వయసు, పని, కుటుంబ వివరాలు కొద్దిగా మార్చాను. ఊరి పేరు, దేశం పేరు రాయలేదు. వైద్యం విషయం, నేను తీసుకున్న నిర్ణయాలు, వాటిలో జరిగిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

నేను పనిచేసేది అభివృద్ధి చెందుతున్న ఒక దేశపు మహానగరంలో, కూలిపనుల మీద బతికే బస్తీని ఆనుకుని ఉన్న చిన్న క్లినిక్‌లో. ఇద్దరు డాక్టర్లం, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, నలుగురు ఆరోగ్య కార్యకర్తలు. వేళలు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు. జ్వరాలు, విరేచనాలు, గర్భిణుల పరీక్షలు, టీకాల కోసం మొదలైన క్లినిక్ ఇది. ఇప్పుడు మా ఓపీకి వచ్చేవాళ్లలో సగానికి పైగా బీపీ, షుగర్ ఉన్నవాళ్లే. వాళ్లలో చాలామందికి ఇంకా యాభై ఏళ్లు కూడా రాలేదు.

ఇది మా ఒక్క బస్తీ సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గుండెజబ్బులు, క్యాన్సర్, షుగర్, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధుల లాంటి జబ్బులతో 2021లో కనీసం 4.3 కోట్ల మంది చనిపోయారు. వాళ్లలో 1.8 కోట్ల మంది డెబ్భై ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ అకాల మరణాల్లో 82 శాతం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనివే. నేను చదువుకునే రోజుల్లో వీటిని ధనవంతుల జబ్బులు అనేవాళ్లు. 2014లో వెలువడిన ప్యూర్ అధ్యయనం 17 దేశాల్లో లక్షన్నరకు పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించింది. గుండెజబ్బుకు దారితీసే కారణాలు సంపన్న దేశాలవాళ్లలో ఎక్కువగా కనిపించాయి. గుండెపోట్లు, పక్షవాతాలు, వాటితో చావులు మాత్రం పేద దేశాల్లో ఎక్కువ. కారణాలు తక్కువున్న చోట చావులు ఎక్కువున్నాయంటే, మనిషికీ వైద్యానికీ మధ్య ఏదో అడ్డం పడుతోందన్న మాట. ఆ అడ్డం ఎలా ఉంటుందో ఈ కేసులో నేను దగ్గరగా చూశాను.

ఆమెకు 47 ఏళ్లు. పందొమ్మిదో ఏట పల్లె నుంచి నగరానికి వచ్చింది. ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఆరు అంతస్తులు తుడిచే పని. కాంట్రాక్టు మీద చేరింది, రాని రోజుకు కూలి లేదు. ఒకే గదిలో ఐదుగురు ఉంటారు. భర్తకు నడుం దెబ్బతిని కొన్నేళ్లుగా పని లేదు. పొగాకు, మద్యం అలవాట్లు ఆమెకు లేవు. తండ్రి పక్షవాతంతో పోయాడు.

చూడటానికి లావు మనిషి కాదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చెప్పే బాడీ మాస్ ఇండెక్స్ 24. నడుం చుట్టుకొలత మాత్రం ఎక్కువే, 91 సెంటీమీటర్లు. "నేను పుట్టినప్పుడు బతకననుకున్నారట, అంత చిన్నగా ఉన్నానట," అని ఒకసారి మాటల్లో చెప్పింది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి చేసిన అధ్యయనం గుర్తొచ్చింది. పుణె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి పిల్లలది 3.5 కిలోలు. కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. సన్నగా పుట్టి, లోపల కొవ్వు దాచుకుని, తర్వాత నగరపు తిండిలో, నగరపు నిద్రలేమిలో పడ్డ శరీరానికి షుగర్ త్వరగా రావడంలో ఆశ్చర్యం లేదు. ఆమె జబ్బు నగరానికి రాకముందే, బహుశా పుట్టకముందే మొదలై ఉంటుంది.

వచ్చిన సమస్య

తల వెనక నొప్పి, నీరసం అని వచ్చింది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే బీపీ 178/104, రెండోసారి 174/102. మూడు నెలల షుగర్ సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 9.4 శాతం. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోంది, కిడ్నీ దెబ్బతింటోందనడానికి అది గుర్తు. కిడ్నీలు వడపోసే వ్యర్థమైన క్రియాటినిన్‌తో నిష్పత్తి గ్రాముకు 140 మిల్లీగ్రాములు. రక్తంలో క్రియాటినిన్, పొటాషియం మామూలుగానే ఉన్నాయి. కంటి వెనక రక్తనాళాల్లో షుగర్ తొలి గుర్తులున్నాయి. అంటే జబ్బు కొత్తది కాదు, మేము కనుక్కోవడమే ఆలస్యమైంది.

చీటీలో ఇంకో సంగతి ఉంది. అంతకుముందు ఏడాదిన్నరలో మూడుసార్లు మూత్రంలో మంట అని వచ్చి యాంటీబయాటిక్స్ తీసుకుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మామూలే అనుకుని ముందుకు వెళ్లిపోయాను. ఆ వరుస దగ్గర ఇంకో నిమిషం ఆగి ఉంటే ఆరు నెలలు కలిసొచ్చేవి.

మొదట చేసినవి

అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, నీరు తీసే మాత్ర హైడ్రోక్లోరోథయాజైడ్ (థయాజైడ్ రకం) 12.5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. బీపీ ఇంత ఎక్కువున్నప్పుడు ఒక్క మందు చాలదు, రెండు తరహాల మందులు కలిపితేనే పని అవుతుంది. ఆల్బుమిన్ పోతున్నవాళ్లకు కిడ్నీని కాపాడే టెల్మిసార్టన్, లోసార్టన్ వంటి మందు ఉండాలని నాకు తెలుసు. కానీ ఆ నెల మా దగ్గర ఆ మందుల సరఫరా లేదు. పైగా అవి మొదలుపెడితే రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూడాలి, ఆమె మళ్లీ ఒక రోజు కూలి వదులుకోవాలి. ఉన్న మందులతో ముందు బీపీ దించుదాం అనుకున్నాను. థయాజైడ్ తక్కువ మందేమీ కాదు. చౌక, పాతది, పక్షవాతాన్ని ఆపుతుందని దశాబ్దాలుగా రుజువైంది. ఆ నిర్ణయం కాగితం మీద ఈ రోజుకీ సరైనదే.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిబెన్‌క్లమైడ్ ఉదయం. దాంతో పాటు అందరికీ చెప్పే సలహాలు: ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటకూడదు, వేళకు తినాలి, వారంలో ఐదు రోజులు అరగంట నడవాలి.

నెల తర్వాత బీపీ 168/100. "మందులు వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగాను. "వేసుకుంటున్నా డాక్టర్ గారూ," అంది. అమ్లోడిపిన్ 10కి పెంచాను.

ఇంకో నెలకు 170/98, పాదాల వాపు. ఇక్కడ నేను చేసిన తప్పు ఎక్కువమంది డాక్టర్లు చేసేదే కాబట్టి వివరంగా చెప్తాను. అమ్లోడిపిన్ మోతాదు పెంచాం, వాపొచ్చింది, కనుక ఇది మందు వాపు అనుకున్నాను. నీరు తీసే మాత్రను 25కి పెంచితే వాపు తగ్గుతుంది, బీపీ కూడా తగ్గుతుంది అనిపించింది, పెంచాను. కానీ అమ్లోడిపిన్ వల్ల వచ్చే వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. సన్నని రక్తనాళాలు సడలి, వాటిలోని నీరు కాళ్ల కణజాలంలోకి జారడం వల్ల వచ్చేది. దానికి నీరు తీసే మాత్ర పెద్దగా పనిచేయదు. ఒక మందు ఇబ్బందికి ఇంకో మందు, దాని ఇబ్బందికి మరొకటి, ఇలా మాత్రలు పేరుకుపోతాయి. ఆ మాత్రే ఆమె అసలు కష్టమని అప్పటికి నాకు తెలియదు.

ఎక్కడ దెబ్బతిన్నాం

నాలుగోసారి రక్తపరీక్షకు పరగడుపున రమ్మన్నాం. వరుసలో నిలబడి మూడు గంటలయ్యాక కళ్లు తిరిగి పడిపోయింది. పడుకోబెట్టి చూస్తే బీపీ 104/66, లేపి నిలబెడితే 88/58. షుగర్ 61. గ్లూకోజ్ ఇచ్చి, గంటసేపు పడుకోబెడితే తేరుకుంది.

రెండు నెలలుగా 170 దగ్గర ఉన్న బీపీ, మందు కాస్త పెంచగానే 88కి పడదు. అంటే అప్పటిదాకా మందులు లోపలికి వెళ్లలేదు, ఈ రెండు మూడు రోజులే వెళ్లాయి. కార్డు మీద నర్సు అప్పటికే "మందులు సరిగ్గా వాడటం లేదు" అని రాసింది. ఆ వాక్యం తప్పు కాదు. కానీ అది రాసేసి పెన్ను పక్కన పెట్టేస్తే, తర్వాత ఆ కార్డు చూసేవాళ్లంతా ఆమెను ఆ ఒక్క మాటలోంచే చూస్తారు. మందు ఎందుకు వేసుకోవడం లేదో అడగాల్సిన అవసరం అక్కడితో పోతుంది.

బీపీ ఉన్నవాళ్లలో ఎంతమందికి అది అదుపులో ఉంది అని చూస్తే ప్రపంచం మొత్తం మీద ఐదుగురిలో ఒక్కరికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ఇది. ముప్ఫై నుంచి డెబ్భై తొమ్మిది ఏళ్ల మధ్యవాళ్లలో 128 కోట్ల మందికి బీపీ ఉంటే, దాదాపు సగం మందికి ఉన్న సంగతే తెలియదు. మిగతావాళ్లంతా అజాగ్రత్త మనుషులేనని నేను ఎలా అనుకోగలను?

ఆ వారంలోనే మా ఆరోగ్య కార్యకర్త సాయంత్రం ఏడున్నరకు వాళ్ల ఇంటికి వెళ్లింది. ఆ కార్యకర్త కూడా ఆ బస్తీలోనే ఉంటుంది, ఇద్దరూ అక్కా అని పిలుచుకుంటారు. నేను చెప్పి పంపింది ఒక్కటే: "మందులు వేసుకుంటున్నావా అని అడగొద్దు. పోయిన వారం ఏ రోజు వదిలేశావు అని అడుగు. తెల్లవారి లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఒక రోజంతా చెప్పించు." మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. రెండో ప్రశ్నలో వదిలేయడం మామూలే అన్న ఒప్పుకోలు ఉంది, అందుకే నిజం చెప్పడానికి ధైర్యం వస్తుంది.

ఆమె చెప్పిన రోజు ఇది.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. బస్తీలో ఉన్నది ఉమ్మడి మరుగుదొడ్డి. రాత్రి పదికి తాళం వేస్తారు, ఉదయం ఐదుకు తీస్తారు. వెళ్లిన ప్రతిసారీ డబ్బులు కట్టాలి. ఐదు నుంచి ఆరు దాకా వరుస. ఆరుంబావుకు బస్సు, గంటకు పైగా ప్రయాణం. భవనంలో ప్రతి అంతస్తులో బాత్రూంలు ఉన్నాయి, వాటిని తుడిచేది ఆమే. తుడిచేవాళ్లు మాత్రం వాటిని వాడకూడదు. వాళ్లకున్నది కింద, వాహనాలు పెట్టే చోట ఒక్కటి. అక్కడికి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ను అడగాలి. రెండోసారి అడిగితే ముఖం చిట్లిస్తాడు, మూడోసారి అడిగితే మనిషిని మారుస్తానంటాడు. సాయంత్రం ఐదున్నరకు మళ్లీ బస్సు. రాత్రి పది తర్వాత అవసరమొస్తే చీకట్లో రైలు పట్టాల వైపు పోవాలి. ఒకసారి ఒక మగవాడు వెంటపడ్డాడు. అప్పటి నుంచి తెల్లవారేదాకా బిగపట్టుకుంటుంది.

అందుకని ఆమె ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగదు. మధ్యాహ్నం తిండి కూడా తగ్గించింది. ఆకలైతే ఒక ప్యాకెట్ చిరుతిండి, అందులో ఉప్పు ఎక్కువ. మెట్‌ఫార్మిన్ వేసుకున్న మొదటి వారంలో బస్సులోనే కడుపు కదిలి, దారిలో దిగిపోయి, ఆ రోజు కూలి పోగొట్టుకుంది. నీరు తీసే మాత్ర వేసుకున్న రోజు నాలుగుసార్లు కిందికి దిగాల్సి వచ్చింది.

ఆమె దగ్గర మాత్రలన్నీ ఒకే కాగితం పొట్లంలో ఉన్నాయి. మా ఫార్మసీ ఇచ్చింది అలాగే.

"ఏది నీరు తీసేదో నాకు తెలియదక్కా. అందుకే పనికి పోయే రోజు ఏవీ వేసుకోను. సెలవు రోజు అన్నీ వేసుకుంటా. డాక్టర్ గారి దగ్గరికి పోవాలంటే రెండు రోజుల ముందు నుంచి వేసుకుంటా, లేకపోతే ఆయన బాధపడతారు."

ఆ చివరి మాట విన్నాక నేను చాలాసేపు ఇంకో పేషెంటును పిలవలేకపోయాను.

అప్పుడు అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. మూడుసార్లు వచ్చిన మూత్రపు ఇన్‌ఫెక్షన్‌కు షుగర్ ఎంత కారణమో, నీళ్లు తాగకపోవడం, గంటల తరబడి బిగపట్టడం కూడా అంతే. పాదాల వాపు పదిగంటలు నిలబడినందుకు. వారానికి ఒక రోజు వేసుకున్న అమ్లోడిపిన్‌కు ఆ నేరం అంటగట్టాను. మధ్యాహ్నం తిండి మానేసే మనిషికి గ్లిబెన్‌క్లమైడ్ రాశాను, దానివల్ల షుగర్ పడిపోయే ప్రమాదం తెచ్చిపెట్టాను. ఆరు అంతస్తులు ఎక్కి దిగి తుడిచే మనిషికి అరగంట నడవమని చెప్పాను. వారానికి 150 నిమిషాల శ్రమ అన్న లెక్కలో పనిచేసేటప్పటి కదలిక కూడా చేరుతుంది. ఆమె ఆ లెక్క మొదటి రోజే దాటేస్తుంది. ఆమెకు కావలసింది నడక కాదు, నిద్ర.

మార్చినవి, వాటి వెనక ఆలోచన

ముందు థయాజైడ్ పూర్తిగా ఆపేశాను. నిజానికి ఈ మందుతో మూత్రం ఎక్కువగా రావడం మొదటి కొన్ని వారాలే గట్టిగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. ఓపిక పట్టమని చెప్పవచ్చు. కానీ ఆ కొన్ని వారాల్లోనే ఆమె ఉద్యోగం పోవచ్చు. ఉదయం కాకుండా రాత్రి వేసుకోమందామా అంటే, రాత్రి తాళం. మందు మంచిదే, ఆమె రోజులో దానికి చోటు లేదు.

దాని బదులు అమ్లోడిపిన్ 5, టెల్మిసార్టన్ 40. ఈ రెండింటిని ఎంచుకోవడానికి కారణాలు చెప్తాను. రెండూ ఒంట్లో చాలాసేపు ఉండే మందులు, ఒకరోజు మరిచిపోయినా బీపీ ఒక్కసారిగా ఎగబాకదు. టెల్మిసార్టన్ ఆల్బుమిన్ పోవడాన్ని తగ్గిస్తుంది. అమ్లోడిపిన్ వల్ల వచ్చే వాపునూ కొంత తగ్గిస్తుంది. ఇది గర్భిణులు వాడకూడని మందు కాబట్టి ముందు ఆ సంగతి అడిగాను, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిందని చెప్పింది. రెండు వారాల తర్వాత చూడాల్సిన రక్తపరీక్షకు ఆమెను రప్పించకుండా, సెలవు రోజు ఉదయం మా నర్సే బస్తీకి వెళ్లి నమూనా తెచ్చింది. పొటాషియం, క్రియాటినిన్ బాగానే ఉన్నాయి.

రెండు మందులూ ఒకే మాత్రలో ఉంటే మేలు. బీపీకి ఇలాంటి జంట మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మా క్లినిక్ జాబితాలో లేవు. పైవాళ్లకు ఆ విషయం రాసి, తెప్పించడానికి ఏడు వారాలు పట్టింది. అప్పటిదాకా రెండు మాత్రల్నీ వేర్వేరు రంగుల కవర్లలో పెట్టి, కవరు మీద బొమ్మ గీసి ఇచ్చాం. చూడటానికి చిన్న పని. ఏ మాత్ర ఎందుకో ఆమెకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

గ్లిబెన్‌క్లమైడ్ ఆపేశాను. మెట్‌ఫార్మిన్‌ను నెమ్మదిగా కరిగే రకానికి మార్చి, రాత్రి భోజనంతో ఒక్క 500తో మొదలుపెట్టి, నెల తర్వాత 1000 చేశాను. కడుపు కదలలేదు. నలభై దాటి షుగర్ ఉన్నవాళ్లకు ఇవ్వాల్సిన కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ కూడా రాత్రి మాత్రతోనే కలిపాను.

రెండు విషయాల్లో చాలా తర్జనభర్జన పడ్డాను. షుగర్, ఆల్బుమిన్ రెండూ ఉన్నవాళ్లకు ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు కిడ్నీకి, గుండెకు మేలు చేస్తాయి. వైద్య మార్గదర్శకాలు వాటిని ముందే వాడమంటాయి. కానీ అవి చక్కెరను మూత్రంలోకి పంపి పనిచేస్తాయి. మూత్రం పెరుగుతుంది, జననాంగాల్లో ఫంగస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. నీళ్లు తాగని మనిషికి ఒంట్లో నీరు ఎండిపోయే ప్రమాదమూ ఉంది. ఇప్పటికి వద్దనుకున్నాను. ఆమెకు పగలు బాత్రూం దొరికి ఉంటే ఆ మందు ఇచ్చేవాణ్ని. ఒక మరుగుదొడ్డి లేనందుకు ఒక మనిషికి రెండో రకం వైద్యం అందింది. ఈ వాక్యం రాయడం నాకు బాధగానే ఉంది.

రెండోది ఉప్పు. చైనా పల్లెల్లో 600 గ్రామాల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపి వాడితే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. ఒకే పొయ్యి మీద ఐదుగురికి వండే ఇంట్లో తన ఒక్కదాని ఉప్పు తగ్గించుకోమనడం కన్నా ఇంటి ఉప్పునే మార్చడం తేలిక. అయినా వద్దన్నాను. టెల్మిసార్టన్ పొటాషియాన్ని నిలిపి ఉంచుతుంది, ఆమె కిడ్నీ దెబ్బతినడం మొదలైంది, పొటాషియం పరీక్ష మాకు ప్రతి నెలా దొరకదు. ప్యాకెట్ చిరుతిండి మానడం మీదే పట్టుబట్టాం. అది కూడా పగలు బాత్రూం దొరికాకే కుదిరింది.

మందులు ఒకేసారి మూడు నెలలకు ఇచ్చాం. మా రూలు నెలకే. మందులు బయటికి పోకూడదని పెట్టిన రూలది, ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. కానీ నెలనెలా ఒక రోజు కూలి పోగొట్టుకోమనడం కూడా ఒక ధరే, అది మందు ఉచితమైనా ఆమె కడుతున్న ధర. ఫార్మసిస్టు మొదట ఒప్పుకోలేదు. పది మందితో మొదలుపెట్టి చూద్దాం, ఖాళీ స్ట్రిప్పులు ఆరోగ్య కార్యకర్త లెక్కపెడుతుంది అన్నాక ఒప్పుకున్నారు.

బీపీ చూడటాన్ని బస్తీకి తీసుకెళ్లాం. వారానికి ఒక సాయంత్రం, ఏడు నుంచి తొమ్మిది దాకా, ఆరోగ్య కార్యకర్త దగ్గర డిజిటల్ మిషన్. ఇది మా ఆలోచనేమీ కాదు. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూస్తే, మామూలుగా వైద్యం అందినవాళ్ల కన్నా పై బీపీ సగటున ఐదు పాయింట్లు ఎక్కువ తగ్గిందని 2020లో వచ్చిన అధ్యయనం ఒకటి చెప్పింది. పల్లెల్లో కుదిరింది బస్తీలో కుదురుతుందా అన్న అనుమానం ఉండేది. పల్లెలో మనుషులు పగలు ఇంటి దగ్గర దొరుకుతారు, ఇక్కడ దొరకరు. వేళ మారిస్తే కుదిరింది.

మరుగుదొడ్డి సంగతి

మందులు మార్చడం నా చేతిలో ఉన్న పని. అసలు సమస్య నా చేతిలో లేదు. అయినా వదిలేయాలనిపించలేదు.

మొదట అనుకున్నది, ఆమె పేరుతో ఒక మెడికల్ సర్టిఫికెట్ రాసి ఇద్దామని: ఈమెకు ఆరోగ్య కారణాల వల్ల బాత్రూం వాడుకునే వీలు కల్పించాలి అని. ఆమె చేతులు జోడించింది. "వద్దు డాక్టర్ గారూ. జబ్బు మనిషి అని తెలిస్తే తీసేస్తారు." ఆ మాట నిజం. నేను మంచి అనుకుని ఇచ్చే కాగితం ఆమె కూలి తీసేసేది. ఆమెను అడగకుండా పంపి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా భయమేస్తుంది.

తర్వాత దారి బస్తీ ఆడవాళ్లే చూపించారు. బీపీ సాయంత్రాల్లో కలిసినప్పుడు చూస్తే, ఆమెలా నీళ్లు మానేసినవాళ్లు ఇంకో పదకొండు మంది తేలారు. వేర్వేరు భవనాల్లో పనిచేసేవాళ్లు. ఎవరి పేరూ లేకుండా, క్లినిక్ తరఫున ఒక సాధారణ ఆరోగ్య సూచన తయారుచేశాం: ఎండాకాలంలో పనిచేసేవాళ్లకు తాగునీరు, దగ్గర్లో మరుగుదొడ్డి అందుబాటులో ఉండాలి, లేకపోతే వడదెబ్బ, మూత్రపు ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీ సమస్యలు వస్తాయి అని. దాన్ని ఆ చుట్టుపక్కల భవనాలన్నింటికీ ఒకేసారి పంపాం. తుడిచేవాళ్ల సంఘంవాళ్లు దాన్ని పట్టుకుని మూడు చోట్ల మాట్లాడారు. రెండు చోట్ల జవాబే లేదు. ఆమె పనిచేసే చోట మాత్రం మూడో అంతస్తులో ఒక బాత్రూం వాళ్లకు వదిలారు.

బస్తీలో రాత్రి తాళం మాత్రం ఇప్పటికీ పడుతూనే ఉంది. కాపలా మనిషికి రాత్రి జీతం ఎవరివ్వాలన్న దగ్గర అది ఆగిపోయింది. ప్రపంచంలో 2022 నాటికి దాదాపు 350 కోట్ల మందికి సురక్షితమైన పారిశుద్ధ్య వసతి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిపి లెక్క వేశాయి. పలు ఇళ్లవాళ్లు పంచుకునే మరుగుదొడ్డిని ఆ లెక్కలో "పరిమిత" వసతి అంటారు. రాత్రి ఏడు గంటల పాటు ఆ పరిమితం కూడా ఉండదని ఆ పట్టికలో చూపే వీలుండదు. ఈ సంఖ్యను మనం విరేచనాల జబ్బులతో కలిపి చదవడానికి అలవాటు పడ్డాం. బీపీ, షుగర్, కిడ్నీతో కలిపి చదివేవాళ్లు తక్కువ.

ఫలితం

నాలుగు నెలలకు బీపీ 146/90. ఎనిమిది నెలలకు 134/84. హెచ్‌బీఏ1సీ 9.4 నుంచి 7.8కి వచ్చింది. ఆల్బుమిన్ నిష్పత్తి 140 నుంచి 62కి తగ్గింది. ఏడు నెలలుగా మూత్రంలో మంట రాలేదు. కళ్లు తిరగడం మళ్లీ జరగలేదు. పాదాల వాపు సాయంత్రానికి కాస్త ఉంటుంది, తెల్లవారేసరికి పోతుంది.

వీటిలో ఏది మందు వల్ల, ఏది మూడో అంతస్తు బాత్రూం వల్ల అని విడదీసి చెప్పలేను. మందు మార్చిన మూడు నెలల తర్వాత బాత్రూం దొరికింది. మొదటి మెరుగు మందుది. మధ్యాహ్నం తిండి, నీళ్లు, ప్యాకెట్లు మానడం తర్వాతివి.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు మా కార్డులో బీపీ, బరువు రాసే గడుల కిందే ఇంకో నాలుగు వరుసలు ఉన్నాయి: ఎన్నింటికి లేస్తారు, పగలు బాత్రూం ఎక్కడ, రాత్రి బాత్రూం ఎక్కడ, మధ్యాహ్నం ఎక్కడ తింటారు. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. నీరు తీసే మందు రాసేముందు ఆ వరుసలు చూస్తాం. అలాగని థయాజైడ్‌ను పేదవాళ్లకు మానేయలేదు. ఇంట్లోనో, పని దగ్గరో బాత్రూం ఉన్నవాళ్లకు అదే ఇస్తున్నాం. దాన్ని మూకుమ్మడిగా పక్కన పెడితే పక్షవాతాన్ని ఆపే చౌకైన మందును వాళ్లకు దూరం చేసినట్టవుతుంది.

ఒకసారి మందు పనిచేయకపోతే మోతాదు పెంచే ముందు ఇంటికి ఒక మనిషిని పంపుతున్నాం. అందరికీ కుదరదు, నలుగురు కార్యకర్తలే ఉన్నారు. రెండుసార్లు వరుసగా 160 దాటినవాళ్లకు మాత్రం తప్పనిసరి చేశాం. అలా వెళ్లిన ఇళ్లలో కారణాలు ఒకేలా ఉండవు. ఒకచోట ఒకే మనిషికి రాసిన మాత్రల్ని భార్యాభర్తలిద్దరూ పంచుకుని వేసుకుంటున్నారు. ఇంకోచోట కాపలా పనివాడు రాత్రంతా మేలుకుని, ఉదయం మాత్ర అంటే ఏ ఉదయమో తెలియక వదిలేశాడు. "మందులు సరిగ్గా వాడటం లేదు" అని కార్డులో ఇప్పటికీ రాస్తాం. పక్కనే "ఎందుకంటే" అని రాసి, ఆ ఖాళీ నింపకుండా కార్డు మూయకూడదని నియమం పెట్టుకున్నాం.

పదకొండో నెలలో బస్తీలో వాళ్లుండే వరుసను రోడ్డు వెడల్పు కోసం తీసేశారు. ఆమె కుటుంబం నగరం చివరకు, రెండు బస్సులు మారాల్సినంత దూరానికి వెళ్లిపోయింది. అక్కడ గదికి సొంత మరుగుదొడ్డి ఉంది, అది మంచిదే. కానీ లేవాల్సింది ఇప్పుడు మూడున్నరకు. నిద్ర నాలుగున్నర గంటలకు పడిపోయింది. బీపీ సాయంత్రాలు లేవు, చుట్టూ తెలిసిన మనిషి లేదు. పద్నాలుగో నెలలో వచ్చినప్పుడు 152/94. స్ట్రిప్పులు లెక్కపెడితే మందులు వదల్లేదు. ఇప్పుడు రాత్రి బాత్రూం భయం లేదు కాబట్టి తక్కువ మోతాదు థయాజైడ్ మళ్లీ చేర్చే సంగతి ఆమెతో మాట్లాడాను, ఈసారి ఏ మాత్ర ఏం చేస్తుందో ముందే చెప్పి. కొత్త చోట ఒక వారం చూసుకుని చెప్తానంది. వారానికోసారి మా ఆరోగ్య కార్యకర్త ఫోన్ చేస్తోంది. వచ్చే నెల మూడు నెలల మందులకు వచ్చినప్పుడు క్రియాటినిన్, పొటాషియం, ఆల్బుమిన్ మూడూ మళ్లీ చూడాలి.